శుక్రవారం వచ్చిందంటే బేకరీకే!

మనకు ఆదివారం ఎలాగో టెల్ అవీవ్ వాళ్లకు శుక్రవారం అలాగ. ఆదివారం నాడు అక్కడ బడులు, ఆఫీసులు మామూలుగా నడుస్తాయి. అసలు వాళ్లకు వారం మొదలయ్యేదే ఆ రోజు. శుక్రవారం పొద్దు గూకగానే యూదుల విశ్రాంతి దినం సబ్బాతు మొదలై శనివారం చీకటి పడేదాకా ఉంటుంది. ఆ వేళ చాలాచోట్ల బస్సులు తిరగవు, దుకాణాలు మూసేస్తారు. అందుకని ఏది కొనాలన్నా, నలుగురూ కలిసి కూర్చుని తీరిగ్గా తినాలన్నా శుక్రవారం పొద్దున్నే. తొమ్మిదయ్యేసరికి బేకరీల ముందు జనం బారులు తీరతారు. కాలేజీ పిల్లలు, చంటిబిడ్డను తోపుడు బండిలో కూర్చోబెట్టిన తల్లులు, చేతిసంచితో వచ్చిన బామ్మలు... అంతా అక్కడే!

2022 నవంబర్ ఆఖర్లో పది రోజులు ఆ ఊళ్లో ఉన్నాను. మా బంధువులమ్మాయి అక్కడ చదువుకుంటోంది. "పిన్నీ, సముద్రం రేపైనా చూడొచ్చు. ఇవాళ శుక్రవారం, ముందు బేకరీకి పోదాం పద" అంది. ఉదయం టిఫిను వేళ దాటాక, మధ్యాహ్నం భోజనానికి ముందు, రెండూ కలిపి ఒకేసారి కానిచ్చేయడం అక్కడి అలవాటు. బ్రంచ్ అంటారు చూడండి, అదే. మన ఇళ్లలో ఆదివారం పదకొండింటికి పెసరట్టు ఉప్మా తిని మధ్యాహ్నం అన్నం ఊసెత్తకపోవడం ఉందే... అలాంటిదే అనుకోండి.

లోపల అడుగు పెట్టగానే వెన్న, దాల్చినచెక్క, వేడి చాక్లెట్ వాసన కలగలిసి ముక్కుకు తగిలాయి. గాజు పెట్టెలో కాదు, చెక్కబల్లల మీదే గుట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి రొట్టెలు. జడలల్లిన రొట్టెలు, నువ్వులద్దిన త్రికోణాలు, నెలవంకలంత చుట్టలు. లోపల పొయ్యి దగ్గర ఒకమ్మాయి అప్పుడే బయటికి తీసిన రొట్టెల మీద కుంచెతో పంచదార పాకం పూస్తోంది. ఆ పాకం పడగానే చుయ్యిమని చిన్న చప్పుడు! సగం కడుపు అక్కడే నిండిపోయింది.

బామ్మ పేరు పెట్టుకున్న రొట్టె

ముందుగా బాబ్కా సంగతి చెప్పాలి. తూర్పు యూరప్ భాషల్లో ఆ మాటకు బామ్మ అనే అర్థం. ఈస్టు వేసి పొంగించిన పిండిని పల్చగా చాపలా పరిచి, దానిమీద చాక్లెట్టో దాల్చినచెక్క పొడో పూసి, బొంత చుట్టినట్టు చుడతారు. ఆ చుట్టను నిలువునా రెండుగా చీరి, రెండు పాయలనూ ఒకదానిమీద ఒకటి మెలిపెట్టి డబ్బాలో పెట్టి కాలుస్తారు. కోస్తే చాలు, ముక్కముక్కకూ ఒక్కో ముగ్గు. పోలండ్, ఉక్రెయిన్ వైపు యూదు ఇల్లాళ్లు సబ్బాతు రొట్టె చేయగా మిగిలిన పిండిని పారేయలేక కాస్త జామో, దాల్చినచెక్కో పూసి చుట్టేసేవారట. మిగిలిన చపాతీ పిండిలో బెల్లం పెట్టి పిల్లల చేతికిచ్చే అమ్మకు ఈ కిటుకు ఒకరు నేర్పాలా!

ఇప్పుడా మిగులు పిండి వంటకానికి ప్రపంచమంతా గిరాకీ. టెల్ అవీవ్‌లో 2001లో లెహమిమ్ బేకరీ తెరిచిన ఊరి షెఫ్ట్, 2013లో న్యూయార్క్‌లో బ్రెడ్స్ బేకరీ మొదలయ్యాక అక్కడికీ ఈ చాక్లెట్ బాబ్కాను తీసుకెళ్లారు. ఆ ఊరివాళ్లు దానికోసం వరసల్లో నిలబడ్డారు. ఇజ్రాయెల్లో మాత్రం దీన్ని క్రాంట్స్ అనే పేరుతో అడిగేవాళ్లూ చాలామందే.

నెలవంకలంత చుట్టలన్నానే, అవి రుగెలాహ్. జెరూసలేంలో మహానె యెహుదా అంగడి దగ్గర మార్జిపాన్ అనే బేకరీ వీటికి పెట్టింది పేరు. పొయ్యిలోంచి తీసీతీయని రుగెలాహ్ చేతికి అంటుకుంటుంది. అలా అంటుకోకపోతే అది బాగా కుదిరినట్టు కాదట!

ఇక నువ్వులద్దిన త్రికోణాలు... బురెకాస్. పొరల మధ్య కూర పెట్టిన మన హైదరాబాద్ పఫ్ గుర్తొచ్చింది. ఇవి టర్కీ, బల్గేరియా, గ్రీసుల నుంచి వచ్చిన యూదులతోపాటు వచ్చాయి. త్రికోణమైతే లోపల చీజ్, చదరమైతే ఆలుగడ్డ... ఇదీ వాడుక. ఇదేదో సరదాకి పెట్టుకున్నది కాదు. పాలను, మాంసాన్ని ఒకే పూట కలపకూడదని యూదుల నియమం. లోపలేముందో కొరక్కముందే తెలియాలి కాబట్టి ఆకారమే బోర్డు! ఈ నియమం పుణ్యమాని పాలు, వెన్న, చీజ్ వాడే కేఫేల్లో చాలావాటిలో మాంసం అసలు ఉండదు. మనలో శాకాహారులు బయటి దేశం వెళ్లి ఏది ముట్టుకోవాలన్నా పడే బెంగ అక్కడ సగం తీరుతుంది. గుడ్డు తినేవాళ్లకైతే బెంగే లేదు. బురెకాస్‌తోపాటు ఉడికించిన గుడ్డు, ఉప్పులో ఊరిన కీరా, తురిమిన టమాటా ఇస్తారు.

జడ రొట్టె వెనక...

శుక్రవారం ఎక్కువగా అమ్ముడుపోయేది మాత్రం హల్లా. మూడు పాయలో ఆరు పాయలో వేసి అల్లిన జడ రొట్టె. గుడ్డు, నూనె వేస్తారు, వెన్న మాత్రం వేయరు. ఎందుకో ఈపాటికి మీరే చెప్పగలరు... రాత్రి భోజనంలో మాంసం ఉన్నా తినడానికి వీలుగా! సబ్బాతు బల్ల మీద రెండు హల్లాలు పెట్టి గుడ్డ కప్పుతారు. ఎడారిలో ఆకాశం నుంచి మన్నా కురిసినప్పుడు విశ్రాంతి రోజు కోసం ముందురోజే రెండింతలు కురిసిందని వాళ్ల గ్రంథం చెబుతుంది. ఆ గుర్తుకే రెండు. పిండి కలిపాక అందులోంచి చిన్న ముద్ద తీసి పక్కన పెట్టి ప్రార్థన చేయడం సంప్రదాయంగా ఇంటి ఆడవాళ్ల వంతు. అన్నట్టు, మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు కుటుంబాలు ఉన్నాయి. వాళ్లకూ శనివారమే విశ్రాంతి దినం.

ఇంటి వంట బజారుకెక్కితే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి అక్కడ విన్నాను. డిసెంబర్‌లో వచ్చే హనుక్కా పండగకు నూనెలో వేయించినవి తినాలి. పూర్వం ఇళ్లలో ఆలుగడ్డ తురుముతో అట్లు వేసుకునేవారు. 1920ల్లో అక్కడి కార్మిక సంఘం హిస్తద్రుత్, జామ్ నింపిన సుఫ్‌గానియోత్‌ను ప్రచారంలోకి తెచ్చిందని చెబుతారు. అట్లయితే ఎవరింట్లో వాళ్లు వేసుకుంటారు. సుఫ్‌గానియోత్ అయితే బేకరీ కావాలి, అందులో నలుగురికి పని దొరుకుతుంది! నేను వెళ్లినప్పటికి పండగ ఇంకా మూడు వారాలుంది. అయినా అప్పటికే ప్రతి బేకరీలో సుఫ్‌గానియోత్ కొండలు.

వీటన్నిటికీ యూరప్ మూలమే అనుకుంటే పొరపాటు. శనివారం పొద్దున తినే జహ్నూన్ యెమెన్ నుంచి వచ్చింది. 1949, 1950 సంవత్సరాల్లో సుమారు 49 వేలమంది యెమెన్ యూదులను విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లతో వచ్చిన వంట ఇది. పరోటాకు లాగినట్టు పిండిని కాగితమంత పల్చగా లాగి, నెయ్యిలాంటి కొవ్వు రాసి చుట్టి, గిన్నెలో పెట్టి రాత్రంతా సన్నటి సెగన వదిలేస్తారు. సబ్బాతు నాడు పొయ్యి వెలిగించకూడదు కదా! తెల్లారేసరికి తేనెరంగుకు మారుతుంది. నంజుకోవడానికి జుగ్ అనే పచ్చడి. పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, వెల్లుల్లి, జీలకర్ర... చెప్పక్కర్లేదు, మన రోటి పచ్చడికి అక్క వరస. నాలుక మీద పడగానే ప్రాణం లేచొచ్చింది. ఇరాకీ యూదులు వంకాయ ముక్కల మీద వేసుకునే అంబా అయితే ఏకంగా మన మామిడికాయే. బాగ్దాద్ నుంచి బొంబాయికి వర్తకానికి వచ్చినవాళ్ల ద్వారా అటు వెళ్లిందంటారు.

బల్ల నిండా గిన్నెలు

మేమిద్దరం కలిసి ఇజ్రాయెలీ బ్రేక్‌ఫాస్ట్ ఒకటే చెప్పాం. వచ్చాక చూస్తే బల్ల పట్టలేదు! సన్నగా తరిగిన కీరా టమాటా సలాడ్, మూడు రకాల చీజ్, ఆలివ్‌లు, నువ్వుల ముద్ద తహినీ, వంకాయ పచ్చడి, జామ్, వెన్న, బుట్టెడు రొట్టె, ఇనప మూకుడులో షక్షూకా. తాగడానికి హఫూఖ్ అనే కాఫీ... తిరగేసిన కాఫీ అని దానర్థం. పాలు ఎక్కువ, కాఫీ తక్కువ, మన రుచికి దగ్గర. వీళ్ల కాఫీ పిచ్చి ఎంతంటే 2001లో వచ్చిన స్టార్‌బక్స్ రెండేళ్లు తిరక్కుండానే 2003లో మూట సర్దుకుంది. బిల్లు చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. ఆ ఒక్క పళ్లేనికే 75 షెకెళ్లు. అప్పటి లెక్కన 1,700 రూపాయల పైమాటే! మనకే కాదు, అక్కడివాళ్లకూ ఇది మంటే. 2011లో కాటేజ్ చీజ్ డబ్బా ధర 8 షెకెళ్ల దాకా వెళ్లిందని జనం కొనడం మానేశారు. ఆ వేసవిలోనే ధరల మీద, ఇంటి అద్దెల మీద వీధుల్లోకొచ్చారు.

ఇంత పెద్ద పళ్లెం ధనికుల ఇళ్లలో పుట్టింది కాదు. కిబ్బుట్జ్‌లని సమష్టి వ్యవసాయ గ్రామాలుండేవి, ఇప్పటికీ ఉన్నాయి. మొదటిది దెగానియా, 1910లో మొదలైంది. అక్కడివాళ్లు చీకటితోనే పొలానికెళ్లి, ఎండెక్కాక ఉమ్మడి భోజనశాలకొచ్చి, పండించిన కూరగాయలు, గుడ్లు, పెరుగు, చీజ్‌తో కడుపునిండా తినేవారు. తర్వాత్తర్వాత హోటళ్లు ఆ పద్ధతిని పట్టుకున్నాయి. ఇందులో ఆడవాళ్ల సంగతి ఒకటుంది. ఉమ్మడి వంటిల్లు, పిల్లలకు ఉమ్మడి గృహం పెడితే స్త్రీకి ఇంటి చాకిరీ తప్పుతుందని, మగవాళ్లతో సమానంగా పొలంలో నిలబడుతుందని అనుకున్నారు. తీరా కొన్నేళ్లు గడిచాక చూస్తే ఆ ఉమ్మడి వంటింట్లో, బట్టలుతికే చోట, పిల్లల గదిలో ఉన్నది ఎక్కువగా ఆడవాళ్లే. ఒక ఇంటికి వండే బదులు ఊరికి వండారు, అంతే తేడా!

దేశం ఏర్పడ్డ కొత్తలో, 1949 నుంచి 1959 దాకా, తిండికి రేషన్. గుడ్లకు బదులు గుడ్ల పొడి, మాంసానికి బదులు వంకాయ. బియ్యం దొరక్క ప్రధాని బెన్ గురియన్ అడిగితే ఓసెమ్ అనే కంపెనీ గోధుమతో బియ్యంలాంటి ప్తితిమ్ తయారుచేసిందట. ఆ రోజులు చూసిన బామ్మలు ఇప్పటికీ పళ్లెంలో రొట్టె ముక్క వదలరు.

అయితే ఇదంతా ఇజ్రాయెల్ సొంతమేనా అంటే, కాదనేవాళ్లున్నారు. హమ్మస్, తహినీ, నువ్వుల రొట్టెలు ఆ నేల మీద పాలస్తీనా అరబ్బులు ఎప్పటినుంచో తింటున్నవి. టెల్ అవీవ్‌ను ఆనుకుని ఉన్న జాఫాలో అబూలాఫియా అనే అరబ్బు కుటుంబం బేకరీ 1879 నుంచి నడుస్తోంది. అప్పటికి టెల్ అవీవ్ అనే ఊరే లేదు! జెరూసలేంలోనే పుట్టిన ఇద్దరు వంటవాళ్లు, యూదు అయిన యోతమ్ ఓటోలెంగీ, పాలస్తీనీయుడైన సామీ తమీమీ కలిసి 2012లో జెరూసలేం పేరుతో వంటల పుస్తకం రాశారు. ఇద్దరూ ఒకరినొకరు కలుసుకున్నది లండన్‌లో. నాకు ఆ బేకరీ పళ్లెం చూస్తే ఏ ఒక్కరి జెండా కనపడలేదు. ఎక్కడెక్కడి ఆడవాళ్లో మూటల్లో కట్టుకొచ్చిన వంటలు, అప్పటికే అక్కడున్న ఆడవాళ్ల వంటలు పక్కపక్కన కనిపించాయి.

"తిన్నవా బిడ్డా?"

షక్షూకాలో రొట్టె ముంచుకుంటున్నాం. పక్క బల్ల నుంచి "తిన్నవా బిడ్డా? ఏం కూర?" అని వినపడింది. చటుక్కున తల తిప్పాం. నలభై దాటిన ఆవిడ, ఫోనులో అమ్మాయి ముఖం. ఎదురుగా చక్రాల కుర్చీలో తెల్లటి ముసలావిడ. అక్కడ పొద్దున పదయితే మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర... కూతురు కాలేజీలో అన్నం తినే వేళ!

ఆవిడది జగిత్యాల దగ్గర పల్లె. పేరు రాయొద్దన్నారు. ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండే కేర్‌గివర్ పని మీద ఇజ్రాయెల్ వెళ్లిన మనదేశం వాళ్లు వేలల్లో ఉన్నారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. శుక్రవారం పొద్దున ఆ ఊళ్లో ఏ కేఫేకి వెళ్లినా ఇలాంటి జంట ఒకటైనా కనపడుతుంది. ఈవిడ 2018లో వచ్చారు. ఏజెంటుకు కట్టిన లక్షల అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది. తర్వాత కరోనా. అప్పటికి నాలుగేళ్లు, ఇంటికి వెళ్లలేదు.

"మా అవ్వకు తొంభై ఒకటి అక్కా. పోలండ్ల పుట్టింది. వారమంత ఏం తినది. శుక్రారం మాత్రం ఈడికి తీస్కరావాలె. బాబ్కా నడిమిట్ల మెత్తటిదే తింటది, అంచులు నాకు పెడతది" అంటూ నవ్వారు. ముసలావిడ ఆ మాటలు తనగురించేనని పసిగట్టి హీబ్రూలో ఏదో అన్నారు. ఈవిడ హీబ్రూలోనే గడగడా జవాబిచ్చారు. యాస మాత్రం పక్కా జగిత్యాలదే!

చట్టం ప్రకారం కేర్‌గివర్‌కు వారానికి కనీసం 25 గంటలు వరసగా సెలవివ్వాలి. ఈవిడ శనివారం సెలవు తీసుకుని, ఏడుగురు తెలుగు ఆడవాళ్లు కలిసి అద్దెకు తీసుకున్న గదికి వెళతారు. పప్పు, అన్నం, చింతపండు పులుసు వండుకుంటారు. "ఆ ఒక్క దినం మేమే మాకు వండుకుంటం" అన్నారు. ఇంకో నిబంధన కూడా చెప్పారు. మామూలుగా 63 నెలలే ఉండనిస్తారు. అది దాటాక, చూసుకుంటున్న వృద్ధుల దగ్గరే కొనసాగితే అనుమతి పొడిగిస్తారు. వాళ్లు కన్నుమూస్తే మాత్రం సాధారణంగా దేశం వదలాల్సిందే. "అవ్వ ఎన్ని దినాలుంటే నా వీసా అన్ని దినాలు. నేను మందులు తప్పకుండ ఏస్త. ఎందుకేస్తున్ననో నాకే తెల్వదు... అవ్వ కోసమా, నా బిడ్డ ఫీజు కోసమా" అని, ఆ వెంటనే "ప్రేమ లేకుంటె ఈ పని చెయ్యరాదక్కా" అన్నారు.

ఈ మాటలు విన్నప్పటి నుంచి, తిన్నది బాబ్కా అయినా నాకు గుర్తుండిపోయింది అది పెట్టిన చేయి.

2023 అక్టోబర్ 7న హమాస్ దాడి జరిగినప్పుడు గాజా సరిహద్దులోని నీర్ ఓజ్ కిబ్బుట్జ్‌లో కేరళకు చెందిన ఇద్దరు కేర్‌గివర్లు, తాము చూసుకుంటున్న వృద్ధ దంపతులను గదిలో పెట్టి, బయటి నుంచి దుండగులు తోస్తున్నా తలుపు పిడిని గంటల తరబడి వదలకుండా పట్టుకుని కాపాడారు. మన జగిత్యాల ఆవిడకు ఫోన్ చేస్తే బాగానే ఉన్నానన్నారు. టెల్ అవీవ్‌లో సైరన్ మోగితే దాక్కోవడానికి సుమారు 90 సెకన్లు. నాలుగో అంతస్తు నుంచి చక్రాల కుర్చీ దిగేనా? మెట్ల దగ్గరే అవ్వను పట్టుకుని కూర్చునేవారట. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు పడ్డ రాత్రులూ అలాగే గడిచాయి.

ఆ యుద్ధంలోనే అక్కడికి గంటన్నర దూరం కూడా లేని గాజాలో, ప్రపంచ ఆహార కార్యక్రమం సాయంతో నడుస్తున్న 25 బేకరీలూ పిండి, ఇంధనం లేక 2025 ఏప్రిల్ మొదటికల్లా మూతపడ్డాయి. ఆ ఆగస్టులో గాజా నగర ప్రాంతంలో కరవు ఉందని అంతర్జాతీయ నిపుణులు ప్రకటించారు. రొట్టె కోసం వరసలో నిలబడ్డ తల్లుల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. రొట్టెల ముచ్చట రాస్తూ ఆ వరసను దాటేసి వెళ్లడం నావల్ల కాలేదు.

ఇంట్లోనే షక్షూకా

లిబియా, ట్యునీసియా యూదుల నుంచి ఇజ్రాయెల్ కేఫేలన్నిటికీ పాకిన వంట ఇది. మన టమాటా కోడిగుడ్డు కూరకు దగ్గరి చుట్టం. నలుగురికి సరిపోయే కొలతలు ఇవి.

కావలసినవి: బాగా పండిన టమాటాలు ఆరు, పెద్ద ఉల్లిపాయలు రెండు, ఎర్ర క్యాప్సికం ఒకటి (లేకపోతే పచ్చదైనా ఫర్వాలేదు), వెల్లుల్లి రెబ్బలు నాలుగు, కోడిగుడ్లు ఐదు, జీలకర్ర పొడి చెంచా, కారం చెంచా, నూనె మూడు పెద్ద చెంచాలు, ఉప్పు, కొత్తిమీర.

వెడల్పాటి మూకుడులో నూనె వేసి ఉల్లిపాయ, క్యాప్సికం ముక్కలు మెత్తబడేదాకా వేయించండి. వెల్లుల్లి దంచి వేసి, జీలకర్ర పొడి, కారం కలిపి, వెంటనే టమాటా ముక్కలు, ఉప్పు వేయండి. పావుగంట సన్నటి సెగన మగ్గితే నూనె పైకి తేలి ముద్దగా అవుతుంది. నీళ్లగా ఉంటే గుడ్డు నిలవదు, తొందరపడొద్దు. గరిటె వెనక భాగంతో ఐదు గుంటలు చేసి, ఒక్కో గుంటలో ఒక్కో గుడ్డు కొట్టి వేయండి. కలపకూడదు. మూతపెట్టి ఐదారు నిమిషాలుంచితే తెల్లసొన గట్టిపడి, పచ్చసొన మెత్తగా ఉంటుంది. పూర్తిగా ఉడికినదే ఇష్టమైతే ఇంకో మూడు నిమిషాలు. కొత్తిమీర చల్లి, పళ్లెంలోకి మార్చకుండా మూకుడుతోనే బల్ల మీద పెట్టండి. అక్కడైతే హల్లా ముక్కలతో తింటారు. జగిత్యాల ఆవిడ మాత్రం శనివారం గదిలో ఇదే చేసి, రెండు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేసి, వేడి జొన్నరొట్టెతో పెడతారట.